ఒళ్లు చూడని వైద్యం

జ్వరం తగ్గించమని వచ్చేవాళ్లే గానీ, ఎందుకొచ్చిందో చూడమని అడిగేవాళ్లు తక్కువ. వాళ్లను తప్పు పట్టలేను. కూలి పోతే పొయ్యి వెలగని ఇళ్లు.

పత్తి ఏరే రోజుల్లో ఒక కుర్రాడు తల్లిని తీసుకొచ్చాడు. వారం దాటిన జ్వరం, భరించలేని తలనొప్పి, పొడి దగ్గు. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్లు ఎక్కించాడు. విడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. సెఫ్ట్రియాక్సోన్ సూదులు పడుతూనే ఉన్నాయి. "సూది మార్చి చూడు బాబూ" అందావిడ.

విడాల్ ఒక్కదాన్నే నమ్మి టైఫాయిడ్ అనడం నాకు నచ్చదు. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లకీ, వేరే జ్వరంలో ఉన్నవాళ్లకీ అది పాజిటివ్ రావచ్చు. గట్టి రుజువు బ్లడ్ కల్చర్. అదీ యాంటీబయాటిక్ పడకముందు రక్తం తీస్తే మేలు.

నర్సమ్మను పిలిచి, తెర వేయించి, ఒళ్లంతా చూశాను. లంగా బొందు కట్టుకునే చోట, నడుం మడతలో, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లగా చెక్కు కట్టిన మచ్చ. నొప్పి లేదు, దురద లేదు, ఆవిడకే తెలియదు. స్క్రబ్ టైఫస్! పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి ఆనని నల్లి జాతి పురుగు పిల్ల కుట్టిన చోటది. ఆ కాటుతో ఒంట్లోకి చేరే క్రిమి మన కణాల లోపల పెరుగుతుంది. సెఫ్ట్రియాక్సోన్ దానిమీద పనిచేయదు, డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. అదేమంత ఖరీదైన మందూ కాదు. రెండు రోజుల్లో జ్వరం జారింది. ఆలస్యమైతే ఇదే జబ్బు ఊపిరితిత్తుల్నీ మూత్రపిండాల్నీ మెదడునీ దెబ్బతీస్తుంది. మచ్చ అందరికీ ఉండదు. ఉన్నా ఎక్కువగా చంకలోనో, గజ్జలోనో, రొమ్ము కిందో ఉంటుంది. వెతికినవాళ్లకే దొరుకుతుంది.

డెంగీ తీరు వేరు. సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య జ్వరం దిగుతుంది, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోయే ప్రమాదం సరిగ్గా అప్పుడే. ఆగని కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, చల్లబడే చేతులు: వీటిలో ఏది కనిపించినా ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మంచి డాక్టరు ఎవరని నన్ను అడుగుతుంటారు. ఎన్నాళ్ల నుంచి జ్వరం, ఏం పని చేస్తారు, పొలానికి వెళ్లారా అని అడిగి, చెయ్యి వేసి చూసే డాక్టరు కావాలి. మీ పీహెచ్‌సీలోనే దొరకవచ్చు. మూడు రోజులకీ తగ్గని జ్వరానికి దయచేసి ఇంకో సూది వేయించుకోకండి. వాడిన మందుల చీటీలన్నీ డాక్టరు ముందు పెట్టి, ఒళ్లంతా ఒకసారి చూడమని అడగండి.