పేరు పందిది, జ్వరం మనది

కరోనా వచ్చాక 2009 సంగతి అందరం మరిచిపోయాం. స్వైన్ ఫ్లూ అని టీవీలో ఒకటే హోరు, మందుల షాపుల్లో మాస్కుల కోసం తోపులాట. అప్పుడు మా వీధిలో ఆడవాళ్లందరి నోటా ఒకటే మాట: "మనం పంది మాంసం ముట్టం కదండీ, మనకెందుకొస్తుంది?" ఈ మాట ఇప్పటికీ అనేవాళ్లున్నారు.

సరిగ్గా వండిన మాంసంతో ఆ జ్వరం రాదు. ఒక మనిషి దగ్గితే, తుమ్మితే ఇంకొకరికి అంటుకుంటుంది. మరి పంది ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా?

ఫ్లూ వైరస్‌లో జన్యు పదార్థం ఒకే పోగులా ఉండదు, ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ పందికి సోకగలవు. ఒకే పందికి రెండు రకాలు ఒకేసారి పట్టాయనుకోండి, రెండు పేక కట్టలు కలిపేసి పంచినట్టు ముక్కలు కలగాపులగమై కొత్త వైరస్ పుడుతుంది. 2009లో వచ్చినదానిలో ఆరు ముక్కలు ఉత్తర అమెరికా పందుల్లో తిరిగే రకానివి. వాటిలో పక్షివీ, మనిషివీ ముందే చేరి ఉన్నాయి. మిగతా రెండూ యూరప్, ఆసియా పందుల రకానివి. ఈ కలయిక మెక్సికో పందుల్లో జరిగిందని 2016లో శాస్త్రవేత్తలు చెప్పారు. అక్కణ్ణుంచి మనిషికి ఎక్కాక దానికి పందితో పనే లేకపోయింది. ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల్లో బయటపడింది. మే నెలకల్లా విమానమెక్కి మన హైదరాబాదులో దిగింది. దేశంలో మొదటి కేసు అదే. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అని ప్రకటించింది.

పేరు చేసిన చేటు చూడండి. ఈజిప్టులో ఇంకా ఒక్క మనిషికీ జ్వరం రాకముందే దేశంలో ఉన్న పందులన్నిటినీ, సుమారు 3 లక్షలు, చంపెయ్యమన్నారు. కైరో నగరంలో ఇంటింటి చెత్త ఎత్తే కుటుంబాలు ఆ పందుల్ని పెంచుకునేవాళ్లు. మనలాంటి ఇళ్లలో మిగిలిన అన్నం, కూరల తొక్కలు అన్నీ వాటి మేతే. పందులు పోయాక ఆ ఎంగిలి చెత్త ఎవరికి కావాలి? వీధుల్లో కుప్పలు కుప్పలుగా కుళ్లింది. వాళ్ల బతుకుతెరువూ పోయింది. జబ్బు మాత్రం ఆగలేదు, జూన్‌లో అక్కడికీ వచ్చింది.

ఇంకో విచిత్రం. మామూలు ఫ్లూ ముసలివాళ్లని పట్టుకుంటుంది. ఇది అలా కాదు, చనిపోయినవాళ్లలో నూటికి 80 మంది 65 ఏళ్లలోపు వాళ్లేనని తర్వాత అంచనా వేశారు. 1957కి ముందు తిరిగిన ఫ్లూ దీనికి దగ్గర చుట్టం. అప్పుడది సోకిన పెద్దవాళ్ల ఒంట్లో కొంత రక్షణ మిగిలి ఉంది. పడుచువాళ్లకి అది లేదు. ఎక్కువ ప్రమాదం పడినవాళ్లలో గర్భిణీలూ ఉన్నారు.

మా ఆడపడుచు కూతురికి ఆ నవంబరులో ఏడో నెల. రెండు రోజులు జ్వరం, మూడో రోజుకి ఆయాసం. ప్రభుత్వాసుపత్రిలో చూసి వెంటనే టామిఫ్లూ బిళ్లలు ఇచ్చారు. "కడుపుతో ఉన్నప్పుడు ఇంత ఘాటు మందులా?" అని మా ఆడపడుచు చీటీ చేత్తో పట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ మెత్తగానే అన్నా, మాట గట్టిగానే అంది: "అమ్మా, మందు కంటే జ్వరమే బిడ్డకి ప్రమాదం. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది." ఆ రాత్రి ఆ పిల్ల ఊపిరి లెక్కపెడుతూ మేమిద్దరం మంచం పక్కనే కూర్చున్నాం. నాలుగు రోజులకి తెరిపిన పడింది. జనవరిలో ఆడపిల్ల పుట్టింది.

ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. 2010 ఆగస్టులో మహమ్మారి అయిపోయిందన్నారు గానీ, దాని సంతతి ఇప్పటికీ ఏటేటా వచ్చే మామూలు ఫ్లూలో ఒకటిగా తిరుగుతోంది. ఫ్లూ టీకాలో దానికీ మందు ఉంటుంది. గర్భిణీలు వేయించుకోవచ్చు. రెండో కాన్పప్పుడు మా పిల్ల ఐదో నెలలోనే వేయించుకుంది. వెంటబడి తీసుకెళ్లింది వాళ్లమ్మే.