గీత కదలకపోతే

మా పనంతా గాజు సూదితోనే. మైక్రాన్ వెడల్పున్న మొనతో ఒక్క నాడీకణాన్ని పట్టి, దాని కరెంటును తెరమీద గీతగా చూస్తాం.

మేం పెంచే ఎలుకల్లో అన్‌క్13ఏ జన్యువుకున్న రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయదు. రెండూ పోయిన పిల్లలు పుట్టిన కాసేపటికే చనిపోతాయి కాబట్టి ఒకటి పోయినవాటినే జతకట్టిస్తాం. ఈతలో సగటున నాలుగో వంతు పిల్లలే రెండూ పోయినవి, మాకు కావలసినవి. తోకముక్కతో పీసీఆర్ చేసి ఏది ఏదో తేల్చేది వేరొకరు. ఆ పిల్లల మెదడు కణాలు పెంచి నా దగ్గరికి పంపే డిష్‌మీద నంబరు తప్ప ఏమీ ఉండదు.

గ్లియా కణాల చిన్న దిబ్బమీద ఒంటరిగా పెరిగిన నాడీకణం గతిలేక తనతో తానే సైనాప్సులు కట్టుకుంటుంది. కాబట్టి అదే సూదితో పొడవచ్చు, అదే సూదితో జవాబు వినొచ్చు. మామూలు కణమైతే గీత ధడాలున కిందికి దిగుతుంది. కొన్ని డిష్‌లలో కదలదు.

అప్పుడు మొదటి అనుమానం నా చెయ్యిమీదే. సూదికీ కణానికీ మధ్య సీల్ వదులైందా, కణం చచ్చిందా? అర మోలార్ సుక్రోజ్ వదులుతాను. చక్కెర నీళ్లే, కాకపోతే సన్నగొట్టాలకు అంటుకుని ప్రాణం తీస్తుంది. కణం సందేశానికి వాడే గ్లూటమేట్ రసాయనం నింపుకుని సిద్ధంగా ఉన్న సంచులను కాల్షియంతో పనిలేకుండా అది తెరిపిస్తుంది. దానికీ కదలకపోతే గ్లూటమేట్‌నే పైన చల్లుతాను. గీత దిగిందా, వినే వైపు బాగానే ఉన్నట్టు. లోపం పంపే వైపుది. సంచులున్నాయి, సైనాప్సులున్నాయి. మందు కూరి ఒత్తి పెట్టని చిచ్చుబుడ్లలా పడి ఉన్నాయి. ఆ ఒత్తి పెట్టేది అన్‌క్13ఏ జన్యువు చేసే మంక్13-1 ప్రొటీన్.

1999లో గోటింగెన్‌లో నీల్స్ బ్రోజె బృందం ఇది చూపించింది. నాకు బాగా నచ్చింది అందులోని సాలీడు విషం ప్రయోగం: ఆల్ఫా-లాట్రోటాక్సిన్ వేస్తే ఇవే సంచులు మామూలు కణాల్లోలాగే తెరుచుకున్నాయి.

చిక్కల్లా గ్లూటమేట్‌కు బదులు గాబా అనే రసాయనం పంపే కణాలతో. మంక్13-1 లేకపోయినా అవి నిక్షేపంగా పనిచేస్తాయి. వాటిలో దాని తోబుట్టువు ప్రొటీన్ మంక్13-2 ఆ బాధ్యత అందుకుంటుంది. వాటి కరెంటు మెల్లగా తగ్గుతుంది, ఆ వాలు చూసి గుర్తుపడతాను. డిష్‌లో అవి కొన్నే ఉన్నా, నంబర్ల గుట్టు విప్పకముందే వేరే వరసలో రాసేస్తాను. విప్పాక వేరుచేస్తే ఎవరూ నమ్మరు, నేనైనా నమ్మను.