మంచు కింద పంచదార

మా ఊళ్లో మంచు అంటే పుష్యమాసపు పొద్దు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలు కూత వినిపిస్తుంది గాని ఇంజను కనిపించదు. ఎనిమిదయ్యేసరికి ఎండ వచ్చి అంతా ఊడ్చేస్తుంది. అది మనిషిని చంపుతుందంటే ఆమదాలవలసలో ఎవరు నమ్ముతారు? సెలవు మీద వచ్చినప్పుడు మా అమ్మే అడిగింది: "దూదిలాగుంటాదంటావు, దాని కింద పడి మనిషి సచ్చిపోడమేట్రా?"

నేను ఈ కళాశాల పూర్వ విద్యార్థిని. సైన్యంలో ఉండగా మూడు చలికాలాలు కాశ్మీరు ఎగువన గడిపాను. సావనీరుకు ఏదైనా రాయమన్న సంఘం కుర్రాళ్లు యుద్ధం కథ ఆశించి ఉంటారు. నేను ఎక్కువగా చేసింది మంచును తవ్వి చూడడం.

కొండ మీద మంచు ఒకే ముద్ద కాదు. అట్టు మీద అట్టు పేర్చినట్టు, కురిసినప్పుడల్లా ఒక పొర. అడుగున నేల కాస్త వెచ్చగా, పైన గాలి గడ్డకట్టే చలిగా ఉంటే, ఆవిరి పైకి పాకుతూ అడుగు పొరని పలుకులు పలుకులుగా మార్చేస్తుంది. ఇంగ్లీషులో దీన్ని షుగర్ స్నో అంటారు. మా సుబేదారు, గఢ్వాల్ మనిషి, మొదటిసారి నా అరచేతిలో పోసినప్పుడు నాకు మా ఊరి పంచదార ఫ్యాక్టరీ గుర్తొచ్చింది (ఇప్పుడది మూతపడింది లెండి). పిడికిలి బిగిస్తే ముద్ద కాదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దాని మీద గాలి కొట్టి కొట్టి బిగించిన పలక ఉంటే ఇంకేముంది? వాలు 30 నుంచి 45 డిగ్రీలు, అంటే ఇంచుమించు మన పూరింటి కప్పు వాలు ఉంటే చాలు. ఒక్క మనిషి బరువుకి పలకంతా కదులుతుంది. చిక్కుకున్నవాళ్లలో చాలామంది విషయంలో దాన్ని కదిపింది వాళ్లో, వాళ్ల పక్కవాడో.

పరీక్ష తేలికే. దాటవలసిన వాలుకి పక్కన, అదే దిక్కుకు తిరిగిన చిన్న జాగాలో గొయ్యి తీసి, 30 సెంటీమీటర్ల చదరపు స్తంభం విడదీస్తాం. పైన పార ఆనించి మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకి విరిగిందో, విరిగింది ఎలా జారిందో చూడాలి.

ఆ రోజు పై పోస్టువాళ్లు కిరసనాయిలు కోసం, ఉత్తరాల కోసం ఎదురుచూస్తున్నారు. పద్నాలుగో దెబ్బకి స్తంభం విరిగి, బల్ల సొరుగు లాగినట్టు నా ఒళ్లోకి వచ్చింది. "వెనక్కి" అన్నాడు సుబేదారు. "నిన్న పన్నెండు మంది ఇదే దారిన దాటారు సాబ్" అని ఒక కుర్రాడు గొణిగాడు. ఆయన బదులివ్వలేదు. వేరే గట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్లేసరికి రెండు రోజులు ఆలస్యం. నేనక్కడ ఉన్నన్నాళ్లూ ఆ వాలు పడలేదు. కుర్రాళ్లు దానికి "సాబ్ కొండ" అని పేరు పెట్టి నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు.

నన్ను ఇప్పటికీ తొలిచేది అదే. పరీక్ష పేపరైతే దిద్ది మార్కులిస్తారు. ఇక్కడ దాటి బతికినవాడు కొండ మంచిదనుకుంటాడు. ఆగినవాడు తను చేసింది సరైనదో కాదో ఎన్నటికీ తెలుసుకోలేడు.

తవ్వి చూడడం అన్నిటికీ చాలదు కూడా. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, సుమారు 19,600 అడుగుల ఎత్తున, మంచు విరుచుకుపడి పదిమంది జవాన్లు కూరుకుపోయారు. అందులో ఒకరు మన కర్నూలు జిల్లావాడు. వాళ్లు వాలు దాటుతున్నవాళ్లు కారు, మకాంలో ఉన్నవాళ్లు. పావుగంటలో తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ఆశ సన్నగిల్లుతుంది. హనుమంతప్ప ఆరు రోజుల తరవాత ప్రాణంతో దొరికాడు. 11న ఢిల్లీలో పోయాడు.

ఇప్పుడు మా మేనల్లుడు ఆ వైపే ఉన్నాడు. మొన్న ఫోనులో, "రోజూ బులెటిన్ వస్తాది మావయ్యా, మేం తవ్వక్కర్లేదు" అన్నాడు. బులెటిన్ ఇచ్చేవాళ్లు పెద్ద చదువులు చదివినవాళ్లే, కాదనను. కాని అది లోయ మొత్తానికి. వాడు నడిచే వాలు వాడిదే గదా.

"అడుగు పొర పిడికిట్లో పట్టి చూశావా? ముద్దవుతోందా, జారిపోతోందా?"

"సూళ్లేదు మావయ్యా."

"చూసి చెప్పు" అన్నాను.