మన డోర్నకల్ జంక్షన్



మన హాస్టల్‌లో కారేపల్లి, ఇల్లెందు దిక్కు నుండి వచ్చిన పిల్లలం ఉన్నాము. సెలవులు ఇస్తే మానుకోటలో రైలు ఎక్కి, డోర్నకల్‌లో దిగి వేరే బండి ఎక్కుతాము. ఆ స్టేషను ఎట్లా పుట్టిందో సోషల్ మేడమ్‌ను అడిగి, లైబ్రరీ పుస్తకాలు చూసి ఇది రాస్తున్నాను.

జంక్షన్ అనగా రైలు దారులు కలిసే, చీలే స్టేషను. డోర్నకల్ మన మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్నది. కాజీపేట నుండి విజయవాడ పోయే పెద్ద లైను మీద ఉంటుంది. మానుకోట నుండి గుండ్రాతిమడుగు, గార్ల దాటితే డోర్నకల్ వస్తది. అది దాటినంక దారి రెండుగా చీలుతది. ఒకటి ఖమ్మం మీదుగా విజయవాడకు పోతది. ఇంకొకటి కారేపల్లి మీదుగా కొత్తగూడెం, మణుగూరు పోతది. చీలే చోట పట్టా కొస నాలుకలాగ సన్నగా ఉండి అటూ ఇటూ జరుగుతది. దానిని పాయింటు అంటారు. రైలు డ్రైవరుకు స్టీరింగు ఉండదు. పాయింటు ఎటు పెడితే బండి అటే పోవాలె.

జనగామ పిల్లలకు కాజీపేట జంక్షన్ బాగా తెలుసు. అక్కడ సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ దారులు కలుస్తాయి. భూపాలపల్లి పిల్లలకు మాత్రం ఊళ్ళో బొగ్గు గనులు ఉన్నా రైలు స్టేషను లేదు, బస్సే దిక్కు. కాని మన డోర్నకల్ జంక్షన్ అయింది బొగ్గు వల్లనే.

నిజాం రాజ్యంలో 1874లో వాడి నుండి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1886లో ఓరుగల్లు దాకా, 1889లో బెజవాడ దాకా పట్టాలు వేశారు. అంతకు ముందే 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ సర్వే ఆయన ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. మా తాత అయితే "ఆ నల్లరాయి మన పెద్దోళ్ళకు ముందే ఎరికే" అంటాడు. బొగ్గు తీస్తే సరిపోదు కదా, దూరం మోయాలె. ఎడ్ల బండ్ల మీద ఎంత పోతది? అందుకని డోర్నకల్ నుండి ఇల్లెందు గనుల దిక్కు ఒక పాయ వేశారు. తరువాత 1927లో కారేపల్లి నుండి కొత్తగూడెం దాకా వేశారు. కారేపల్లి దగ్గరి సింగరేణి అనే ఊరి పేరే కంపెనీకి వచ్చింది. 1966లో ఈ లైన్లన్నీ సికింద్రాబాద్‌లోని దక్షిణ మధ్య రైల్వే కిందికి వచ్చాయి.

ఆ పాయ పోయేది మా కోయోళ్ళు ఉండే అడవి నుండి. బొగ్గు శానా ఏండ్ల కిందనే రైలెక్కి పోయింది. మా ఇంట్లో చదువుకొనుటకు రైలెక్కింది మాత్రం నేనే మొదలు.

మా అవ్వ కూడా డోర్నకల్‌లో బండి మారుతది. ఖమ్మం దిక్కు మిరపకాయలు ఏరే కూలికి పోయి వస్తది. అవ్వకు అక్షరాలు రావు. బొగ్గు వ్యాగన్లు కనబడితే డోర్నకల్ అని గుర్తు పెట్టుకున్నది. ఒకసారి చీకట్ల వ్యాగన్లు లేవట. ఏ బండి ఎటు పోతదో తెలియక, తెలుగు సరిగ రాక అడిగేందుకు సిగ్గుపడి, కూలి పైసలు కొంగున కట్టుకొని తెల్లారేదాక కూర్చున్నది. స్టేషన్ల పసుపుపచ్చ బోర్డు మీద పేరు తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లో ఉంటది. మూడింట్లో ఒక్కటి వచ్చినా సాలు. పేరు చదివినా అర్థం కూడా తెలియాలె. కొత్తగూడెం స్టేషను పేరు భద్రాచలం రోడ్. అక్కడ దిగితే భద్రాచలం రాదు, ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు బస్సులో పోవాలె.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. సంక్రాంతి సెలవులు, మిరప ఏరుడు ఒక్కసారే వస్తాయి. పోయిన ఏడు నా పక్కన కూర్చునే పిల్ల సెలవులకు పోయి మళ్ళీ రాలేదు. డోర్నకల్ దాకా వచ్చింది, కాని అక్కడి నుండి మేస్త్రి వెంట ఖమ్మం బండి ఎక్కింది. మానుకోట బండి కూడా అదే స్టేషన్లో ఎక్కవచ్చు. ఈ ఏడు మా నాయన కూడా "అప్పు ఉన్నది, రెండు నెలలు కూలికి రా" అంటున్నాడు. అవ్వ ఏమీ అనలేదు. నేను మాత్రం రావాలనే అనుకుంటున్నాను.

అందుకని ఒక మాట. సెలవులు అయిపోయిన రోజు కారేపల్లి దిక్కు పిల్లలం అందరం డోర్నకల్‌లో పేరు బోర్డు కింద కలుద్దాము. చిన్న తరగతుల చెల్లెళ్ళకు బండి మేమే చూపిస్తాము. లెక్క పెట్టుకొని మానుకోట బండి ఎక్కుదాము. ఎవరన్నా తక్కువ అయితే ఆ పేరు అదే రోజు వార్డెన్ మేడమ్‌కు చెప్దాము. మేడమ్ గారూ, దయచేసి ఆ ఇంటికి ఒకసారి పోయి పెద్దోళ్ళతో మాట్లాడగలరు. ఆ పేరు నాది అయినా సరే.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని