పల్లేరుకాయ రివ్యూలు చదవదు

మా ఆఫీసులో ఈమధ్య సైకిలు పిచ్చి బాగా ముదిరింది. ఋషికొండ ఐటీ హిల్ మీద పార్కింగులో కార్ల మధ్య మౌంటెన్ బైకులు కనబడుతున్నాయి. సంతోషమే. కానీ జనాలు టైర్లు కొనే పద్ధతి చూస్తేనే ఒళ్ళు మండుతోంది. ఏ ఇంగ్లండు వాడో తడిసిన చెట్ల వేళ్ళ మీదా, బురదలోనూ తొక్కి ఐదు చుక్కలు ఇచ్చాడని వేలకు వేలు పోసి తెప్పించుకుంటారు. రెండో ఆదివారానికే మూడు పంక్చర్లు. నెల తిరిగేసరికి ఆ సైకిలు బాల్కనీలో బట్టలారేసుకునే దండెం!

ప్రొడక్షన్ ఒకచోట, టెస్టింగ్ ఇంకోచోట. ఇదే పని ఆఫీసులో ఎవరైనా చేస్తే ఊరుకుంటామా?

సరే, మన ప్రొడక్షన్ ఏవిటో చూద్దాం. విశాఖ కొండల రాయి ఎక్కువగా ఖొండలైటు. ఖోండు గిరిజనుల పేరుమీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరది. అందులో గార్నెట్ ఉంటుంది. అవునండీ, గరుకు కాగితం మీద అంటించే గార్నెట్టే. ఎండకీ వానకీ ఆ రాయి చివికి ఎర్రమట్టీ, గ్రావెలూ అవుతుంది. వేసవిలో అడుగున సిమెంటులాంటి నేల, పైన గోళీల్లా దొర్లే రాళ్ళు. వానపడితే అదే మట్టి టైరు బొడిపెల మధ్య ఇరుక్కుని, టైరంతా నున్నగా తయారవుతుంది.

ఇక ముళ్ళు. సర్కారు తుమ్మ సంగతి అందరికీ తెలుసు, చూసి తప్పుకోవచ్చు. అసలు విలన్ పల్లేరుకాయ. నేలమీద ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, దేవుడు కూర్చుని డిజైన్ చేసినట్టు. ఇది అమెరికాకి కూడా వలసపోయింది (మనకంటే ముందే, వీసా లేకుండా). అక్కడి పశ్చిమ రాష్ట్రాల్లో సైకిలు తొక్కేవాళ్ళు దీన్ని ‘మేకతల’ అని తిట్టుకుంటారు. కాబట్టి రివ్యూ చదివి తీరాలంటే ఇంగ్లండు వాడిది కాదు, ఆరిజోనా వాడిది చదవండి.

అంతకన్నా మంచిది, మీరే టెస్ట్ చేసుకోండి. నాకు కొమ్మాది అవతల జీడితోటల పక్కగా ఏడు కిలోమీటర్ల మట్టిబాట ఒకటుంది. కొంత ఎక్కుడు, కొంత గ్రావెల్ దిగుడు, ఒక ఇసుక ముక్క. వారానికి ఒక్క మార్పే. ముందు టైరు మారిస్తే వెనకది ముట్టను, గాలి మారిస్తే టైరు ముట్టను. గాలి ఇంట్లోనే, తెల్లవారుజామున గేజి పెట్టి చూస్తాను. ఎందుకంటే ముప్ఫై పీఎస్ఐ ఉన్న టైరు పది డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మన ఎండలో అది చిన్న తేడా కాదు.

ఇన్ని వారాలు తొక్కాక తేలిందేవిటంటే, బ్రాండు కంటే గాలి ముఖ్యం. ట్యూబుతో ముప్ఫై అయిదు పెడితే గోళీల మీద జారుడే. తగ్గిస్తే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి, పాము కాటులా జంట చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ చేసి లోపల సీలెంట్ పోస్తే నా బరువుకి ఇరవై అయిదు చాలు. పల్లేరుముల్లు దిగినా ఆ పాలు కారి చిల్లు పూడుకుపోతుంది. కాకపోతే మన వేడికి అది తొందరగా ఎండిపోతుంది, డబ్బా మీద రాసిన గడువు నమ్మకండి. నేను రెండు నెలలకోసారి విప్పి చూస్తాను. డబ్బు పెట్టాలనుకుంటే ముందు టైరు పట్టు మీద పెట్టండి. వెనకదానికి మందం ఉంటే చాలు, అదెలాగూ గార్నెట్‌కి అరిగిపోయేదే.

అన్నట్టు, ఎక్కడ టెస్ట్ చెయ్యకూడదో కూడా చెప్పాలి. కంబాలకొండ అభయారణ్యం, అనుమతి లేకుండా చక్రం పెట్టకూడదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఇంకా సున్నితం. అక్కడ వీడియో బాగా వస్తుందని మా కుర్రాళ్ళు ఉబలాటపడుతున్నారు. ఆ దిబ్బలు గట్టిపడని ఇసుక. వేల ఏళ్ళుగా వాననీళ్ళు కోసిన వంకలే వాటి అందం. వాలు మీద టైరు గాడి ఒకటి పడితే, తర్వాతి వానకి నీళ్ళు ఆ గాడినే పట్టుకుని దిగుతాయి. జియాలాజికల్ సర్వే వాళ్ళు దాన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. పల్లేరు గుచ్చితే పాలు పోసుకోవచ్చు, దానికి ఏం పోస్తాం?

వచ్చే ఆదివారం ఆ కుర్రాళ్ళని జీడితోటల బాటకే తీసుకెళ్తున్నాను. గేజి నాది, పంపు వాళ్ళది.