మూడో ఏడు

ఒమాహా నుంచి లింకన్‌కి తొంభై కిలోమీటర్లు. మామూలు రోజుల్లో ఇంటర్‌స్టేట్ 80 మీద కారులో గంట. 2023 సెప్టెంబరు 16 శనివారం ఆ దారి మాకు దాదాపు రెండు గంటలు పట్టింది. ముందూ వెనకా ఎర్ర జెండాలు కట్టిన కార్లే. కోటప్పకొండ తిరనాళ్లకు ప్రభలు కదిలినట్టు నెమ్మదిగా, హుషారుగా, ఒకరికొకరు హారన్లు కొట్టుకుంటూ. రోడ్డుకి రెండు పక్కలా కోతకొచ్చిన మొక్కజొన్న చేలు. కారు నడుపుతున్న మా పెదనాన్న కొడుకు తల నుంచి కాలి దాకా ఎరుపులోనే ఉన్నాడు. టోపీ ఎరుపు, చొక్కా ఎరుపు, ఆఖరికి మేజోళ్లు కూడా.

"అన్నయ్యా, వీళ్లని కార్న్‌హస్కర్స్ అంటారేంటి?"

"మొక్కజొన్న కండెలు ఒలిచేవాళ్లని అర్థంరా. దుగ్గిరాల పక్క మన నాన్నలు కూలీలతో చేయించిన పని. వీళ్లు దాన్నే బిరుదుగా తగిలించుకున్నారు."

వరి కోసిన మాగాణిలో మొక్కజొన్న వేసే ఊళ్లో పుట్టినవాడు పోయిపోయి మొక్కజొన్న రాష్ట్రంలోనే పడ్డాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఒమాహాలో ఇల్లు. ఇవన్నీ పైకి కనిపించేవి. లోపల మాత్రం గత పాతికేళ్లుగా ఒకటే రంధి: నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు. ఆ సాయంత్రం ఆ జట్టు కొత్త కోచ్ సొంత మైదానంలో మొదటిసారి అడుగు పెడుతున్నాడు. అది చూపించడానికే నన్ను ఒమాహాకి పిలిపించాడు.

ఫుట్‌బాల్ అన్న పేరు చూసి మనం మోసపోకూడదు. ఇక్కడ బంతిని కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తేదీ విసిరేదీ ఎక్కువ. బంతి కూడా గుండ్రంగా ఉండదు, పీచు తీయని కొబ్బరికాయలా ఉంటుంది. అన్నయ్య నాకు ఆటను కబడ్డీ భాషలో చెప్పాడు. "నాలుగు కూతలిస్తారనుకో. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు కూతలు. వెళ్లలేకపోతే బంతి అవతలివాడిది. అలా పాక్కుంటూ వెళ్లి అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు." నా మట్టుకు నాకు ఆ రాత్రికి ఆ జ్ఞానం సరిపోయింది.

నెబ్రాస్కా జనాభా ఇరవై లక్షలకు కొంచెం అటూ ఇటూ. రాష్ట్రానికి పేరున్న ప్రొఫెషనల్ జట్టు ఏ ఆటలోనూ లేదు. ఉన్నదల్లా ఈ కాలేజీ జట్టు. 1923లో కట్టిన మెమోరియల్ స్టేడియంలో 1962 నవంబరు నుంచి టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. ఆట ఉన్న రోజున ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద పట్నమని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మేం వెళ్లడానికి పదిహేడు రోజుల ముందు అదే మైదానంలో ఆడవాళ్ల వాలీబాల్ పెడితే 92,003 మంది వచ్చారు. ఫుట్‌బాల్ ఓడితే ఏడ్చే జనమే అనుకుంటాం గానీ వీళ్లకు ఆ ఎర్రరంగు చొక్కా వేసుకున్నవాళ్లు ఎవరైనా చాలు.

అన్నయ్య 1997 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి లింకన్‌లో దిగాడు. ఆ ఏడు జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు. నవంబరులో మిస్సోరీ మీద ఓటమి ఖాయమనుకున్న ఆఖరి క్షణాల్లో క్వార్టర్‌బ్యాక్ (బంతిని విసిరే ఆటగాడు) విసిరిన బంతి ఒకడి కాలికి తగిలి పైకి లేచింది, ఇంకొకడు నేలకు అంగుళం ఎత్తులో దాన్ని ఒడిసి పట్టాడు. అదనపు సమయంలో 45-38తో గెలిచారు. ఆ బంతి విసిరినవాడు స్కాట్ ఫ్రాస్ట్. ఈ పేరుతో మనకు మళ్లీ పని పడుతుంది. 1998 జనవరి 2న, సీజన్ చివర జరిగే ఆరెంజ్ బౌల్‌లో పేటన్ మానింగ్ ఉన్న టెనెసీ జట్టును 42-17తో చిత్తు చేసి, మిషిగన్‌తో పాటు జాతీయ ఛాంపియన్ అయ్యారు. కోచ్ టామ్ ఆస్బోర్న్ అంతటితో విరమించాడు. పాతికేళ్లలో 255 గెలుపులు, 49 ఓటములు, 3 డ్రాలు. ఏ ఒక్క ఏడూ తొమ్మిది గెలుపులకు తగ్గలేదు. తర్వాత ఆయన మూడుసార్లు అమెరికా ప్రతినిధుల సభకు కూడా ఎన్నికయ్యాడు, అది వేరే కథ.

"నాలుగేళ్లలో మూడు ఛాంపియన్‌షిప్‌లురా. మనకేం తెలుసు? ఇది ఉగాదిలాగా ఏటా వచ్చే పండగనుకున్నా" అన్నాడు అన్నయ్య, లింకన్ పొలిమేరలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని.

ఆ పండగ మళ్లీ రాలేదు.

1962 నుంచి 1997 దాకా ముప్పై ఆరేళ్లలో ఈ జట్టుకు కోచ్‌లు ఇద్దరే: బాబ్ డెవానీ, ఆస్బోర్న్. ఆ తర్వాత మొదలైంది కొత్త కోచ్‌ల కాలక్షేపం. ఫ్రాంక్ సోలిచ్ 58 గెలిచి 19 ఓడాడు, అది చాలదని 2003లో పంపేశారు. బిల్ కాలహాన్ ప్రొఫెషనల్ లీగ్ నుంచి వచ్చాడు. మొదటి ఏడాదే 5-6తో 1961 తర్వాత మొదటిసారి గెలుపుల కన్నా ఓటములు ఎక్కువయ్యాయి. బో పెలీని ఏటా తొమ్మిది గెలుపులకు తగ్గకుండా ఏడేళ్లు నెట్టుకొచ్చినా, అదీ తక్కువేనన్నారు. మైక్ రైలీ సరిగ్గా 19 గెలిచి 19 ఓడాడు. ప్రతి ఒక్కడు వచ్చినప్పుడూ అన్నయ్య కొత్త చొక్కా కొన్నాడు. వాటిలో నాలుగు ఇప్పటికీ అల్మైరాలో ఉన్నాయి, వదిన వాటిని గిన్నెలు తుడవడానికి అడిగితే ఇవ్వడు.

అయిదో చొక్కా కథే అసలు దెబ్బ. 2017 చివర్లో స్కాట్ ఫ్రాస్ట్ తిరిగొచ్చాడు. ఆ రోజు ఆ బంతి విసిరిన కుర్రాడే. పెరిగింది ఇక్కడి వుడ్ రివర్ అనే చిన్న ఊళ్లో. అప్పటికి ఫ్లోరిడాలో ఒక జట్టును ఓటమి లేకుండా నడిపిస్తున్నాడు. ఊరి పిల్లవాడే కలెక్టరై వచ్చినంత సంబరం. అన్నయ్య ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టానని చెప్పాడు. నేను నవ్వితే అతను నవ్వలేదు. ఫ్రాస్ట్ నాలుగేళ్ల చిల్లరలో 16 గెలిచి 31 ఓడాడు. 2021లో తొమ్మిది ఆటలు పోగొట్టుకుంటే తొమ్మిదీ తొమ్మిది పాయింట్లు మించని తేడాతోనే. చిత్తుగా ఓడితే మనిషి తేరుకుంటాడు. ప్రతి వారం గట్టు దాకా వచ్చి మునిగితే ఏం చేస్తాడు?

2022 సెప్టెంబరు 10న జార్జియా సదరన్ చేతిలో 45-42తో ఓడారు. మర్నాడే ఫ్రాస్ట్‌ను తీసేశారు. ఒప్పందం ప్రకారం అతనికి కోటీ యాభై లక్షల డాలర్లు ఇవ్వాలి. అక్టోబరు 1 దాకా, అంటే మూడు వారాలు ఆగితే అందులో సగమే. ఆగలేదు. ఓపిక నశించడానికి ఇంత కచ్చితమైన ఖరీదు కట్టిన సందర్భం నేను వేరే ఎక్కడా చూడలేదు: డెబ్బై అయిదు లక్షల డాలర్లు.

అతని తర్వాత వచ్చినవాడే మ్యాట్ రూల్. 2022 నవంబరులో ప్రకటించారు, ఎనిమిదేళ్లకు ఏడు కోట్ల నలభై లక్షల డాలర్లు. న్యూయార్క్‌లో పుట్టి, పెన్ స్టేట్‌లో స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరి ఆడినవాడు. నెబ్రాస్కాలో ఇలాంటి ఆటగాళ్లకు ప్రత్యేక గౌరవం ఉంది. ఊళ్ల నుంచి సొంత డబ్బుతో వచ్చి చేరే రైతుబిడ్డల మీదే ఆస్బోర్న్ జట్టు సగం నిలబడిందంటారు. అయితే అన్నయ్య ఆశ పెట్టుకున్నది ఆ కథ మీద కాదు. కారు ఆపాక పర్సులోంచి మడిచిన కాగితం ఒకటి తీశాడు. దాని మీద రెండు వరసలు:

టెంపుల్: 2, 6, 10.
బేలర్: 1, 7, 11.

రూల్ అంతకుముందు నడిపిన రెండు కాలేజీ జట్లు ఏ ఏటికి ఎన్ని ఆటలు గెలిచాయో ఆ లెక్క. బేలర్ తర్వాత కరోలినా పాంథర్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు వెళ్లి 11 గెలిచి 27 ఓడి, మధ్యలోనే ఉద్యోగం పోగొట్టుకున్నాడన్న ముక్క ఆ కాగితం మీద లేదు. అడిగితే, "అది కాలేజీ కాదు కదరా" అన్నాడు. "మూడో ఏడు చూడు. మూడో ఏడు పండుతుంది." మామిడి మొక్క నాటినవాడి గొంతు అది.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మా పెద్దమ్మ సామెత వాడేది. ఇక్కడ అది సగమే నిజం. పాతది వీళ్లకు రోత కాదు, దేవుడి గది. ఆ పాతే లేకపోతే వచ్చిన ప్రతి కొత్తవాడూ ఇంత తొందరగా రోతయ్యేవాడు కాదని నాకనిపిస్తుంది.

స్టేడియం దగ్గర కార్ల డిక్కీలు తెరిచి, పొయ్యిలు పెట్టి, కుర్చీలు వేసుకుని జనం తింటున్నారు. దీన్ని టెయిల్‌గేట్ అంటారు. అన్నయ్య మిత్రబృందంలో తెలుగు కుటుంబాలు నాలుగు, తెల్లవాళ్లు ఇద్దరు. మాంసం కాలుతున్న గ్రిల్లు పక్కనే పెద్ద గిన్నెలో వదిన కలిపిన పులిహోర. సీవార్డ్ దగ్గర పొలం చేసే ఒక పెద్దాయన దాన్ని పేపర్ ప్లేటు నిండా పెట్టించుకుని, ఎండుమిరపకాయను జాగ్రత్తగా పక్కకు తీశాడు. 1960ల నుంచి ఆ ఇంటివాళ్ల సీట్లు మారలేదట. ఈ కోచ్ మీద మీ ఆశ ఎంత అని అడిగాను. ఆయన కాసేపు నమిలి, "ఆరు" అన్నాడు. ఆరు ఆటలు గెలిస్తే సీజన్ చివర ఏదో ఒక బౌల్ ఆటకు అర్హత వస్తుంది. 1969 నుంచి 2003 దాకా వరసగా ముప్పై అయిదేళ్లు బౌల్‌కు వెళ్లిన జట్టు, 2016 తర్వాత అప్పటిదాకా ఒక్కసారీ వెళ్లలేదు.

అప్పటికి సీజన్‌లో రెండు ఆటలయ్యాయి. మినెసోటాలో ఆఖరి తన్నుతో 13-10 ఓటమి. కొలరాడోలో, ఇంకో కొత్త కోచ్ డియాన్ శాండర్స్ చేతిలో 36-14. ఇవాళ ఎదుటిది నార్తర్న్ ఇలినాయ్, చిన్న జట్టే. కానీ పెద్దాయన ముఖంలో నిశ్చింత లేదు. సరిగ్గా ఆరేళ్ల కిందట, 2017లో ఇదే సెప్టెంబరు 16న, ఇదే మైదానంలో అదే చిన్న జట్టు 21-17తో వీళ్లను ఓడించింది. అయిదు రోజులకే క్రీడా విభాగం డైరెక్టర్ ఉద్యోగం పోయింది.

లోపలికి వెళ్తే ఎరుపు, ఎరుపు, ఎరుపు. జట్టు సొరంగంలోంచి బయటికొచ్చే ముందు స్క్రీన్ల మీద దృశ్యాలు, అలన్ పార్సన్స్ ప్రాజెక్ట్ వాళ్ల సంగీతం. 1994 నుంచీ అదే బాణీ. ఎనభై వేల పైచిలుకు మంది ఒక్కసారి లేచి నిలబడితే కాళ్ల కింద సిమెంటు కదిలినట్టయింది. అన్నయ్య కళ్లలో నీళ్లు. ఇంత వయసొచ్చి ఏంటిది అనుకున్నాను గానీ, నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్న సంగతి అతనికి చెప్పలేదు.

గాయపడిన మొదటి క్వార్టర్‌బ్యాక్ స్థానంలో హైన్రిక్ హార్‌బర్గ్ దిగాడు. ఈ రాష్ట్రంలోని కెర్నీ ఊరివాడు, ఆట మొదటి నుంచీ దిగడం అతనికిదే మొదటిసారి. బంతిని విసిరే దానికన్నా పట్టుకుని పరిగెత్తడమే అతనికి నచ్చినట్టుంది. ప్రతి పది గజాలకూ మా వరస మొత్తం లేచేది. మధ్యలో ఒకడు భుజం మీద తుపాకీలాంటి గొట్టం పెట్టుకుని హాట్‌డాగ్‌లను జనంలోకి పేల్చాడు. ఆట కన్నా అది నాకు బాగా అర్థమైంది. 35-11. రూల్‌కు నెబ్రాస్కా కోచ్‌గా మొదటి గెలుపు. తిరిగొచ్చేటప్పుడు అన్నయ్య ఒక గంట సేపు మాట్లాడకుండా నడిపి, ఒమాహా దీపాలు కనిపించాక "ఇంక అయిదు" అన్నాడు.

అక్టోబరు ఆఖరుకి 5-3 అయింది. ఒక్కటి గెలిస్తే చాలు. మిషిగన్ స్టేట్ చేతిలో 20-17, మేరీలాండ్ చేతిలో 13-10, విస్కాన్సిన్ చేతిలో అదనపు సమయంలో 24-17, ఆఖరున అయోవా చేతిలో, మళ్లీ చివరి తన్నుకే, 13-10. ఏ అంకెతో సీజన్ మొదలైందో ఆ అంకెతోనే ముగిసింది. ఆ రాత్రి నేను ఫోన్ చేస్తే వదిన ఎత్తి, "మీ అన్నయ్య గరాజ్‌లో ఉన్నారు, పిలవనా?" అంది. వద్దన్నాను.

2024 నవంబరు 23న విస్కాన్సిన్‌ను 44-25తో కొట్టి ఆరో గెలుపు సాధించారు. జనం మైదానంలోకి దూకారని వీడియో పంపాడు. బౌల్‌లో బోస్టన్ కాలేజీని 20-15తో ఓడించి ఏడుతో ఆపారు. 5, 7. కాగితం మీద మూడో వరస మొదలైంది, టెంపుల్ బేలర్‌ల కింద బాగానే అమిరింది కూడా.

మిగిలింది ఆ మూడో ఏడు. 2025లో సీజన్ మధ్యలో క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగింది, రెగ్యులర్ సీజన్ ఆఖరి రెండు ఆటల్లో పెన్ స్టేట్, అయోవా చితక్కొట్టాయి. చివరికి గెలుపులు ఏడే. "మూడో ఏడూ ఏడే" అని నేను మెసేజ్ పెడితే, "ఏడుపే అని రాయొచ్చుగా మరిదీ" అని వదిన జవాబిచ్చింది.

అన్నయ్య దగ్గర్నుంచి రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. అదే కాగితం, మడతల దగ్గర చిరిగితే టేపు వేశాడు. కొత్తగా స్కేలు పెట్టి నాలుగో గడి గీశాడు. బేలర్ వరసలో అక్కడ అడ్డగీత, రూల్ ఆ ఏటికి అక్కడ లేడు కాబట్టి. టెంపుల్ వరసలో ఎర్ర సిరాతో 10. నెబ్రాస్కా వరసలో గడి ఖాళీగా ఉంది. కింద చిన్న అక్షరాలతో, "సెప్టెంబరులో ఖాళీ పెట్టుకో. టికెట్లు నేను చూస్తా."