జీతానికి బదులు వచ్చిన కారు

నాకు రావాల్సిన ఆరు నెలల జీతం 4 లక్షల 20 వేలు. అది నా అకౌంట్‌లో పడలేదు. టోయింగ్ లారీ ఎక్కి గడ్డిఅన్నారంలో మా గల్లీకి వచ్చింది.

నేను పనిచేసిన స్టార్టప్ మూతపడింది. ఏ కంపెనీ, ఎవరిది అనేది వదిలేయండి. యజమాని దగ్గర డబ్బు లేదు, పన్నెండేళ్ల పాత జర్మన్ లగ్జరీ సెడాన్ ఉంది. "ఇది తీసుకో, మన లెక్క సరి" అన్నాడు. నా టీమ్‌లో ఒకడికి ఆఫీసు కుర్చీలు వచ్చాయి, ఇంకొకడికి రెండు పాత లాప్‌టాప్‌లు. వాళ్లతో పోలిస్తే నాది రాజభోగం. ఆర్టీఏకి తిరిగి పేరు మార్పించుకున్నా.

ఇంజిన్ బాగుంది. ఏసీ ఫ్రిజ్‌లా ఉంది. సమస్య ఒక్కటే, బండి నిలబడదు. స్టార్ట్ చేస్తే ముందు భాగం మెల్లగా లేస్తుంది. ఆపేస్తే రాత్రి పదింటికల్లా ఎడమవైపు దిగిపోతుంది, తెల్లారేసరికి కుడివైపు కూడా. టైర్లు మడ్‌గార్డుల్లోకి దూరిపోయి, బంపర్ నేలని ముద్దు పెట్టుకుంటూ ఉంటుంది. మా వాచ్‌మన్ అన్న రోజూ పొద్దున్నే వచ్చి "తమ్మీ, ఇయ్యాల గూడ లేవలే" అని రిపోర్ట్ ఇచ్చేవాడు.

అమ్మేద్దామని పాత కార్ల బ్రోకర్‌ని పిలిచాను. చుట్టూ తిరిగి చూసి, "కూసున్న బండికి రెండుంపావు. నిలబెట్టి చూపిస్తే ఐదున్నర దాక సూద్దాం" అన్నాడు. సరే అని సర్వీస్ సెంటర్‌లో అడిగితే ముందు రెండు స్ట్రట్‌లు, కంప్రెసర్ మార్చాలి, 3 లక్షల 60 వేలు అన్నారు. లెక్క వేయండి. ఐదున్నరలోంచి మూడు లక్షల అరవై తీసేస్తే మిగిలేది లక్షా తొంభై. అంటే బాగుచేయించి అమ్మడం కంటే పాడైనదాన్ని అలాగే అమ్మడం లాభం! నా ఆర్నెల్ల కష్టం ఆ రెండు రబ్బరు గొట్టాల్లోంచి రోజూ రాత్రి కొంచెం కొంచెంగా గాలిలో కలిసిపోతోంది. ఆ డబ్బుతోనే చెల్లి ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ఫీజు కట్టాలి. నాకు కొత్త ఉద్యోగం ఇంకా దొరకలేదు.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆర్టీసీలో 31 ఏళ్లు మెకానిక్. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఆటోనగర్‌లో ఒక ట్రావెల్స్ గ్యారేజీలో ఐదేళ్లు బస్సులు చూశాడు. మోకాళ్ల నొప్పులతో అదీ మానేసి ఇప్పుడు పేపర్లో సుడోకు నింపుతున్నాడు. నేనేమో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరినవాణ్ని. మా క్లాసులో సగం మంది అంతే. నాలుగేళ్లలో పానా పట్టింది వర్క్‌షాప్ ల్యాబ్‌లో మాత్రమే.

నాన్న కారు దగ్గరికి వచ్చి, టార్చ్ వేసి, చక్రం వెనక తొంగి చూశాడు.

"గాలి సంచే గదరా. దీనికి మూడు లక్షలా?"

ఎయిర్ సస్పెన్షన్ అంటే నిజంగా అంతే. మామూలు కారులో ఉక్కు స్ప్రింగ్ ఉండే చోట ఇందులో రబ్బరు సంచి ఉంటుంది. దాని లోపలే షాక్ అబ్జార్బర్. రెండూ కలిపి ఒకే ముక్క, దాన్నే స్ట్రట్ అంటారు. ఒక చిన్న కంప్రెసర్ గాలి కొడుతుంది. ఏ మూలకి ఎంత పంపాలో వాల్వులు చూసుకుంటాయి. ప్రతి చక్రం దగ్గర ఎత్తు కొలిచే సెన్సర్ ఉంటుంది. కారు టైర్లో గాలి 33 పీఎస్ఐ అనుకుంటే, ఈ సంచిలో దానికి మూడు రెట్ల పైనే.

ఎందుకింత తతంగం అని అడిగితే నాన్న బస్సు లెక్కలో చెప్పాడు. కమాన్ కట్టల బస్సు నిండా జనం ఉంటే మెత్తగా పోతుంది, ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడుతుంది. ఆ కమాన్‌ని నిండు బస్సు బరువు కోసం చేశారు కాబట్టి. గాలి సంచి అలా కాదు. ఐదుగురు ఎక్కితే ఐదుగురికి సరిపడా గాలి, యాభై మంది ఎక్కితే యాభై మందికి సరిపడా. ఎత్తు మారదు, కుదుపూ పెద్దగా మారదు. నాలుగేళ్లు వైబ్రేషన్స్ చదివిన నాకు ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

మనం లగ్జరీ అనుకునేది రోజూ ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ వైపు పోతూనే ఉంటుంది. ట్రావెల్స్ వోల్వో ఆగినప్పుడు బుస్సుమని శబ్దం వస్తుందే, బ్రేకులతో పాటు ఈ గాలి సంచులదీ అందులో వాటా ఉంటుంది. 2001లో వోల్వో బీ7ఆర్ బస్సులు మన దేశానికి వచ్చినప్పుడు అందరూ వింతగా చెప్పుకున్నది ఆ మెత్తని ప్రయాణం గురించే. కార్లలో ఇది ఇంకా పాతది. 1957లో అమెరికాలో కాడిలాక్ ఎల్డొరాడో బ్రౌమ్‌కి నాలుగు చక్రాలకీ గాలి సంచులు పెట్టారు. అవీ లీకయ్యేవి. విసిగిపోయిన ఓనర్లు చాలామంది వాటిని పీకించి ఉక్కు స్ప్రింగులు వేయించుకున్నారు. బ్రోకర్ నాకూ అదే సలహా ఇచ్చాడు. నాన్న ఒప్పుకోలేదు. "కొనేటోడు దీన్ని సూసే గదా కొనేది. అది పీకేసినంక ఇంకేముంది?"

ముందు లీకు ఎక్కడో తేలాలి. అద్దాలు తుడిచే స్ప్రే సీసాలో సర్ఫ్ నీళ్లు పోసి కొట్టాం. పంచర్ షాపువాడి పరీక్షే. ఎడమ సంచి కింది మడతలో, రబ్బరు లోపలికి చుట్టుకునే చోట, సన్నని నురుగు పుట్టింది. కుడివైపు చాలాసేపు ఏమీ లేదు, తర్వాత నాలుగు బుడగలు. సంచి ఎప్పుడూ ఆ మడత దగ్గరే కదులుతుంది, అక్కడే దుమ్ము చేరుతుంది, ఏళ్లు గడిస్తే అక్కడే పగుళ్లు వస్తాయి. మా గల్లీ స్పీడ్ బ్రేకర్లు చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

కంప్రెసర్ సంగతి నాన్న వాచీ పెట్టి తేల్చాడు. పూర్తిగా కూర్చున్న బండిని స్టార్ట్ చేసి టైమ్ చూశాడు. రెండు నిమిషాల్లోపే లేచింది. "ఇది బతికే ఉంది. దాన్నెందుకు సంపుడు?" లీకు ఉన్నన్నాళ్లూ కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది కాబట్టి దాని రిలే మాత్రం మార్చమన్నాడు. రిలే ధర 600. కంప్రెసర్ మార్చకపోవడం వల్ల మిగిలింది ఎంతో మీరే ఊహించండి.

స్ట్రట్‌లు వేరే తయారీదారువి, ఒక్కొక్కటి 42 వేలు. ఆన్‌లైన్‌లో తెప్పించాను. రాణిగంజ్‌లో రెండు యాక్సిల్ స్టాండ్లు 3,000, టార్క్ రెంచ్ 4,500, బాల్ జాయింట్ పుల్లర్ 900. జాకీ నాన్నదే. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోకముందు, మామిడికాయల లారీలకి చిన్నాచితకా రిపేర్లు చేసిన రోజుల నాటిది.

ఒక మాట. మన దగ్గర వస్తువు బాగుచేసుకునే హక్కు గురించి 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసింది. ఆ ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ కూడా తెరిచింది. ఫోన్లు, టీవీలు, ట్రాక్టర్లతో పాటు కార్లూ అందులో ఉన్నాయి. మంచిదే. కానీ మా స్టిల్ట్ పార్కింగ్‌లో నాకు కావాల్సిన హక్కు రెండో అంతస్తు అంకుల్ దగ్గర ఉంది.

"అన్నా, ఇది గ్యారేజ్ కాదు గదా. ఆయిల్ కారితే టైల్స్ ఖరాబైతయ్" అన్నాడాయన నాన్నతో.

"దీంట్ల కారేది గాలి సార్. గాలికి మరక పడదు" అన్నాడు నాన్న.

ఆదివారం ఒక్కరోజుకి పర్మిషన్ దొరికింది.

అమ్మ పెట్టిన షరతు ఒక్కటే. "ఇద్దరు గలిసి దాని కిందికి దూరకుర్రి. ఒక్కరన్న బయట ఉండుర్రి." రెండు టన్నుల బండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టి కింద చెయ్యి పెట్టకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే. ఇలాంటి కార్లతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. డోర్ తీసినా, తాళం దగ్గరికి వచ్చినా నిద్ర లేచి, తనంతట తానే ఎత్తు సరిచేసుకోవాలని చూస్తాయి. ఆ టైమ్‌లో మన చెయ్యి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఉంటే అంతే. అందుకే బ్యాటరీ తీసేశాం. కారు తాళం మూడో అంతస్తులో అమ్మ పోపుల డబ్బా పక్కకి వెళ్లింది.

గాలి పైపు నట్టుని నాన్న పావు చుట్టు తిప్పి ఆగాడు. స్‌స్‌స్ అని మొదలైంది. పూర్తిగా పోయేదాకా ఆ పానా మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను స్ట్రట్ పైనున్న మూడు నట్లు విప్పాను, కరెంటు ప్లగ్ లాగాను. అసలు గొడవ పై ఆర్మ్ బాల్ జాయింట్ దగ్గర వచ్చింది. పన్నెండేళ్లుగా కదలని జాయింట్. పుల్లర్ బిగించి ఎంత తిప్పినా రాలేదు. నాన్న పుల్లర్‌ని అలాగే బిగువులో ఉంచమని, సుత్తితో నకిల్ పక్కన ఒక్కటి కొట్టాడు. మర మీద కాదు, పక్కన. టంగ్ అని విడిపోయింది. నేల మీద చిన్న పీట వేసుకుని కూర్చున్న 66 ఏళ్ల మనిషి, దెబ్బ ఎక్కడ వేయాలో చూడకుండానే తెలిసినట్టు వేశాడు. ఆ తర్వాత మోకాలు పట్టుకుని ఐదు నిమిషాలు లేవలేదు. నేను చూడనట్టే ఉన్నాను, ఆయనకి అదే ఇష్టం.

పాత స్ట్రట్ బయటికి వచ్చింది. చేత్తో రబ్బరుని వంచితే మడతలో పగుళ్లు బీటలు వారిన చెరువులా కనిపించాయి.

కొత్తది ఎక్కించడం గంటలో అయిపోయింది. మధ్యాహ్నం భోజనాల్లోపు రెండోదీ కూర్చుంది. చాలామంది తొందరపడేది ఆ తర్వాతే. స్ట్రట్ బిగించాం కదా అని జాకీ దించేస్తారు. ఖాళీ సంచి మీద బండి బరువు పడితే రబ్బరు అడ్డదిడ్డంగా మడత పడుతుంది, గాలి నింపగానే చిరుగుతుంది. బస్సుల్లో అలా పోయిన సంచుల్ని నాన్న లెక్కలేనన్ని చూశాడట. కాబట్టి ముందు గాలి, తర్వాత బరువు.

కానీ బస్సులో లేని చిక్కు ఇందులో ఉంది. బండి స్టాండ్ల మీద ఉంటే చక్రం కిందికి వేలాడుతుంది. సెన్సర్‌కి స్టాండ్లు కనిపించవు. బండి చాలా ఎత్తులో ఉందనుకుని, గాలి నింపడానికి బదులు ఉన్నది వదిలేయమంటుంది! కంప్యూటర్ తన లాజిక్ ప్రకారం కరెక్టే, దానికి అందుతున్న సమాచారమే వేరు. ఇది నాకు బాగా తెలిసిన రకం జబ్బు. ఫ్రెండ్ దగ్గర తెచ్చిన డయాగ్నస్టిక్ కిట్‌ని లాప్‌టాప్‌కి పెట్టి, బ్యాటరీ కలిపి, వాల్వులకి నేరుగా కమాండ్ ఇచ్చాను. ముందు ఎడమ, నింపు. ఈసారి మాత్రం ఎవరి చెయ్యీ చక్రం దగ్గర లేదు. నాన్న రెండడుగుల దూరంలో టార్చ్ పట్టుకుని రబ్బరుని చూస్తూ, "ఇంక కొంచెం... ఇంక కొంచెం... మడత సక్కగ వచ్చింది, ఆపు" అన్నాడు. నేను స్క్రీన్ చూస్తున్నాను, ఆయన సంచిని చూస్తున్నాడు. ఆ పది నిమిషాలూ మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేసినట్టు అనిపించింది.

తర్వాత దించాం. నిలబడింది.

కింది ఆర్మ్ బోల్టులు మాత్రం బండి నాలుగు చక్రాల మీద, మామూలు ఎత్తులో ఉన్నప్పుడే చివరిగా బిగించాం. వేలాడుతుండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్షులు మెలిపడి త్వరగా పోతాయి. మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో వీల్ అలైన్‌మెంట్, 2,500. మొత్తం ఖర్చు 95,500.

మూడు రాత్రులు టేపుతో కొలిచాను. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా, రాత్రి తొమ్మిదింటికి, పొద్దున ఆరింటికి. చల్లదనానికి గాలి కుంచించుకున్న రెండు మిల్లీమీటర్లు తప్ప తేడా లేదు. వాచ్‌మన్ అన్నకి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

బ్రోకర్ మళ్లీ వచ్చాడు. ఒక రాత్రి ఇక్కడే ఉంచి పొద్దున చూసుకోమని నాన్నే అన్నాడు. స్ట్రట్‌లు కంపెనీవి కావని, కంప్రెసర్ పాతదేనని బిల్లులతో సహా ముందే చెప్పేశాం. అందుకు పదివేలు తగ్గించి 5 లక్షల 40 వేలు ఇచ్చాడు. ఖర్చులు పోను నాకు మిగిలింది 4 లక్షల 44 వేల 500. రావాల్సిన జీతం కంటే 24,500 ఎక్కువ. ఆ ఎక్కువ మొత్తాన్ని లేబర్ చార్జీ అని నాన్న చేతిలో పెట్టాను. ఆయన లెక్కపెట్టి అమ్మకిచ్చాడు. చెల్లి ఫీజు ఆ వారమే కట్టేశాం.

బండి వెళ్లే ముందు నాన్నని ఒకసారి డ్రైవింగ్ సీట్లో కూర్చోమన్నాను. వద్దన్నాడు, ముందు పక్క సీట్లో కూర్చున్నాడు. ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ వైపు వెళ్లాం. దారిలో రేడియో పెట్టబోతే ఆపేశాడు. డిపో దాటేదాకా తల కొంచెం పక్కకి వంచి ముందు చక్రాల వైపు చెవి పెట్టి వింటూనే ఉన్నాడు. ఒక స్పీడ్ బ్రేకర్ దాటాక, "ఎడమది బాగుంది. కుడిది గూడ" అన్నాడు.

పాత స్ట్రట్‌లలో ఒకదాన్ని హ్యాక్సా బ్లేడుతో సగానికి కోసి బాల్కనీలో పెట్టుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా చూపిస్తున్నాడు. రెండో అంతస్తు అంకుల్ మొన్న వచ్చి అరగంట చూసి, తన స్కూటర్ వెనక షాక్ అబ్జార్బర్ కారుతోందని చెప్పాడు. ఈ ఆదివారం దాన్ని కింద విప్పుతున్నారు.